పద్నాలుగో తీగ

మా వీధిలో అందరూ నేను చమురు శుద్ధి కర్మాగారం చూసొచ్చానని చెప్పుకుంటున్నారు. నేను దాన్ని చూడలేదు. సముద్రం ఒడ్డున కొత్తగా కడుతున్న ఆ రిఫైనరీలో నిలబెట్టబోయే ఒక పెద్ద ఇనప గొట్టం వెంట, ఆలూరు నుంచి బద్వేలు దాకా పది రోజులు మనిషి నడిచే వేగంతో వెళ్ళొచ్చాను, అంతే. ఆ వైపు ఎన్నడూ వెళ్ళనివాళ్ళు అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. అది చదువుతుంటే తెలుస్తుంది.

మాది కోనసీమ. కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను. మా బావమరిది కొడుకు ఒక రవాణా కంపెనీలో ఉద్యోగం చేస్తాడు. బళ్ళారి వైపు ఒక వర్క్‌షాపులో తయారైన గొట్టాన్ని రోడ్డు మీద సముద్రం దాకా చేర్చాలి, దారిలో బద్వేలు దాకా అడ్డొచ్చే తీగలన్నీ కొలిచి రాసివ్వాలి, వస్తావా మామయ్యా అన్నాడు. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ నా చేత చింతపండు పిక్కలు తీయిస్తోంది. వెంటనే సరేనన్నాను. జనవరిలో జీపులో తిరిగాను. ప్రతి తీగ దగ్గరా దిగి, కొలతగడ ఎత్తి చూసి, పుస్తకంలో రాశాను. మే నెలలో గొట్టం కదిలినప్పుడు పుస్తకంతో పాటు నన్నూ రమ్మన్నారు.

ఆలూరు: ఉగ్గాని, రెండు గీతలు

ఆ గొట్టాన్ని మొదటిసారి చూసినప్పుడు ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకసారి నడిచి వచ్చాను. ముడిచమురును కాచి, ఆవిరి చేసి, పెట్రోలు ఒక అంతస్తులో, కిరసనాయిలు ఒక అంతస్తులో విడదీస్తుందట అది. ఇప్పుడు మాత్రం పడుకోబెట్టి ఉంది. మా ఊరి రైసుమిల్లు పొగగొట్టం కన్నా పొడుగు. దాన్ని మోసే బండికి చక్రాలు లెక్కపెట్టాను, నూట ముప్ఫై ఆరు. నాకు ఏది కనిపించినా లెక్కపెట్టే జబ్బు ఉంది.

బండికి పెద్ద మౌలా భాయ్. ఆదోని మనిషి, గడ్డానికి గోరింట రంగు, మెడలో విజిల్. గొట్టం వీపు మీద కూర్చునే మనిషి ఓబులేసు. మైదుకూరు దగ్గరి పల్లె, నలభై ఏళ్ళుంటాయి. చివర కొక్కెం ఉన్న ఫైబరు కర్ర పట్టుకుని పైన కూర్చుంటాడు. కేబుల్ తీగలు, ఇళ్ళకు వెళ్ళే సర్వీసు తీగలు అడ్డొస్తే కర్రతో పైకెత్తి, గొట్టం వెళ్ళేదాకా తలమీంచి జరుపుకుంటూ పోతాడు. పదకొండు వేల వోల్టుల పెద్ద లైనును మాత్రం ముట్టుకోకూడదు. గొట్టం పై అంచు నేల నుంచి పదిహేడు అడుగులు. మీద మనిషి కూర్చుంటే ఇరవై. పెద్ద లైను ఇరవై రెండడుగుల కన్నా కిందుంటే ముందు రోజే చెప్పి కరెంటు ఆపించాలి. అంతకన్నా పైనుంటే ఏమీ అక్కర్లేదు, మనిషి కూర్చుని కింద నుంచి వెళ్ళిపోవచ్చు.

బయల్దేరే ముందు ఉగ్గాని పెట్టించారు. మా వైపు మరమరాలు బెల్లప్పాకంలో ఉండలు చుట్టి పిల్లల చేతిలో పెడతాం. ఇక్కడ బొరుగులంటారు. నీళ్ళలో ముంచి పిండి, ఉల్లిపాయతో తాళింపేసి, పప్పులపొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. ప్లేటు నలభై రూపాయలు. బజ్జీ కొరకగానే కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి.

"కారం లేని మిరపకాయలు యాడన్నా ఉంటాయా సార్?" అన్నాడు ఓబులేసు, తన చెంబు నాకిచ్చి.

తిన్నాక రోజూ జరిగే పని మొదలైంది. ఆ రోజు దారిలో వచ్చే తీగలన్నీ నేను పుస్తకం చూసి పైకి చదవాలి. ఓబులేసు ప్రతి దాన్నీ తిరిగి చెప్పాలి.

"ఒకటి. కేబుల్ తీగ, పదహారున్నర. ఎత్తాలి."

"ఎత్తాల."

"రెండు. పెద్ద లైను, ఇరవై ఒకటి. కరెంటు ఆపారు, పడుకోవాలి."

"పండుకోవాల." ఆ మాట అనగానే భుజం మీది తువ్వాలు అంచుకు ఒక ముడి వేస్తాడు. ముడి ఉన్న తీగ వచ్చినప్పుడు గొట్టం మీద బోర్లా పడుకుంటాడు. దాటగానే తర్వాతి ముడి పట్టుకుంటాడు.

"ఇవన్నీ గుర్తుంటాయా?" అని అడిగాను.

"మీరు చదివింది చదివినట్టు ఉంటాది సార్. పైన కూచున్నంక ఎండ మొగాన కొడతాది, తీగ ఎంత ఎత్తుండాదో నాకేం తెలుస్తాది? మీరు రాసిందే నాకు కండ్లు."

నాకు గర్వంగా అనిపించింది. ఆ గర్వంతోనే తర్వాతి రోజుల పేజీలు ఊరికే తిరగేశాను. ఆరో రోజు పేజీలో పదమూడో తీగ దగ్గర 'పెద్ద లైను, ఇరవై నాలుగు' అని ఉంది. దాని కింద పద్నాలుగో తీగ ఎదురుగా రెండు చిన్న గీతలున్నాయి. పై విధంగానే అని అర్థం వచ్చే గీతలు. నా చేత్తో నేను పెట్టినవే.

కొలిచినవాడు గీతలు పెట్టడు. జనవరిలో ఆ రోజు ఏం జరిగిందో అప్పుడు గుర్తొచ్చింది. కోయిలకుంట్ల దాటాక జీపు డ్రైవరు వాళ్ళ చుట్టం ఇంట్లో జొన్నసంగటి, నాటుకోడి పులుసు పెట్టారు. మొహమాటానికి మూడు ముద్దలు తిన్నాను. పదమూడో తీగ దగ్గర దిగి కొలిచాను. పద్నాలుగోది అక్కడికి అరకిలోమీటరు. అదే లైను మళ్ళీ రోడ్డు దాటుతోంది, అవే స్తంభాలు. కునికిపాట్లు పడుతూ కిటికీలోంచి చూశాను, దిగలేదు. కొత్తగా చేరిన లైన్‌మన్‌లు ఇలా చేస్తే నా సర్వీసులో ఎంతమంది మీద కేకలేశానో లెక్కలేదు.

బండి కదిలింది. పుస్తకం మూసి జీపెక్కాను.

పత్తికొండలో టమాటాలు

రోజుకు ఇరవై పాతిక కిలోమీటర్లు. పొద్దున ఆరింటికి బయల్దేరి, ఎండ ముదిరితే ఆగి, నాలుగింటికి మళ్ళీ కదిలేవాళ్ళం. దారి పొడుగునా జనం. ఒకాయన దాన్ని రాకెట్ అన్నాడు. ఇంకొకాయన కాదు, ఆర్మీ సామాను, అడగగూడదు అన్నాడు. ఒక ముసలావిడ పసుపూ కుంకుమా తెచ్చి నాలుగు చక్రాలకు బొట్లు పెట్టింది. మిగతా నూట ముప్ఫై రెండింటికీ పెట్టడానికి కుంకుమ చాలదని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

పత్తికొండ మార్కెట్ ముందు గంటన్నర ఆగాల్సి వచ్చింది. టమాటా బుట్టలు రోడ్డు దాకా పేర్చి ఉన్నాయి. ఒక నడివయసు ఆవిడ నేలమీద కూర్చుని పగిలిన కాయలు ఏరి పారేస్తోంది. కిలో ఎంతమ్మా అన్నాను.

"పొద్దున పన్నెండు. ఇప్పుడు ఎనిమిది. మీ గొట్టం ఇంగొక గడియ నిలిస్తే ఊరికే ఇస్తా, తీసకపోప్పా" అంది. ఆమె సరుకు ఎక్కించాల్సిన లారీ మా బండి వెనక చిక్కుకుని ఉంది. నేను సిగ్గుపడి రెండు కిలోలు కొన్నాను. ఆ టమాటాలు ఏం చేసుకోవాలో తెలియక జీపులో పెట్టుకుంటే, సాయంత్రానికి అవి నా సంచిలోని బట్టలన్నీ ఎర్రగా చేశాయి.

ఆ ఆగిన గంటన్నరలో మౌలా భాయ్‌కి చెప్పేద్దామనుకున్నాను. టీ కొట్టు బల్ల మీద ఆయన పక్కన కూర్చున్నాను. టీ పది రూపాయలు, మా వైపు సగం గ్లాసంత. ఆయనే ముందు మాట ఎత్తాడు.

"అక్కడ పెద్ద క్రేను మన కోసమే నిలబడుండాది మూర్తి సాబ్. వానలు పడకముందే గొట్టం నిలబెట్టల్లంట. రోజూ నాలుగుసార్లు ఫోను. పోయినసారి ఒక సర్వేయరు బ్రిడ్జి తప్పు రాసినాడు, రెండు రోజులు నిలిచిపోతిమి. ఆ మనిషిని దారిలోనే దింపేసినారు. బ్యాగు సైతం నేనే కిందికి ఇచ్చినా."

నేను టీ చల్లారబెట్టుకున్నాను. ఉద్యోగం పోతే నాకు నష్టమేమీ లేదు, పింఛను వస్తుంది. బ్యాగు కిందికి దించుతుంటే నూట ముప్ఫై ఆరు చక్రాల పక్కన నిలబడటం ఊహించుకున్నాను, అంతే, చెప్పకుండానే గ్లాసు ఖాళీ చేశాను. ఇంకా నాలుగు రోజులుంది కదా అనుకున్నాను. ఆరోజు రాత్రి నిద్ర పట్టలేదు.

బనగానపల్లె కొమ్మ

బనగానపల్లె చేరేసరికి మామిడిపళ్ళ వాసన ఊరికి ముందే ఎదురొచ్చింది. ఆ ఊరి పేరు మీద మనం కొనే పండు అక్కడ కిలో అరవై చెప్పారు. మా అమలాపురంలో నూట ఇరవైకి తక్కువ లేదు. నేను నాలుగు కిలోలు కొని, టమాటాల అనుభవంతో ఈసారి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఊరి అవతల ఒక తోట కొమ్మ రోడ్డు మీదికి ఒరిగి ఉంది. నిండా కాయలు. నా పుస్తకంలో 'కొమ్మ, కొట్టాలి' అని రాసి ఉంది. కొట్టే మనిషి కత్తి తీస్తుంటే తోట రైతు పరుగున వచ్చాడు. రెడ్డిగారట, తెల్ల పంచె, కాళ్ళకు చెప్పులు కూడా లేవు.

"కాయ ఉన్న కొమ్మకు కత్తి పెట్టకూడదప్పా. కాయ దించినంక కొట్టుకో."

కింద నుంచి దించుదామంటే అందదు. ఓబులేసు గొట్టం మీద నిలబడి ఒక్కొక్క కాయనే తొడిమె ఊడకుండా తుంచి, తన తువ్వాలులో మూటగట్టి కిందికి దించాడు. రెడ్డిగారు కింద నిలబడి అందుకుంటూ, సొన కారకుండా ప్రతి కాయనూ బోర్లా పెట్టారు. గంట పట్టింది. మౌలా భాయ్ ఆకాశం వైపు చూస్తూ ఏదో గొణుక్కున్నాడు గానీ కాదనలేదు. కొమ్మ కొట్టాక రెడ్డిగారు పది కాయలు ఓబులేసుకూ పది నాకూ ఇచ్చారు. నా ఒళ్ళో అప్పటికే నాలుగు కిలోలున్నాయి.

ఓబులేసు దిగొచ్చి చేతులు తుడుచుకుంటూ నా పక్కన కూలబడ్డాడు. "కొమ్మ సైతం రాసినారే సార్ మీరు. ముందర ఇంగొక సారు ఉండె. మీ మాదిరి దిగి చూసేటోడు కాదు. జీపులోనే కూచోని అంతా రాసేటోడు. ఒకనాడు తీగ తగిలి నా తలపాగా కాలిపాయ. తలపాగా కాబట్టి సరిపాయ."

నవ్వుతూనే చెప్పాడు.  ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోపల ఎవరో తోస్తున్నారు. "నిజమే, జాగ్రత్తగా ఉండాలి" అన్నాను నేను. ఇంత పిరికివాణ్ణని నాకు అరవై ఏళ్ళకు గానీ తెలియలేదు.

పడుగు ఆరేదాకా

కోయిలకుంట్ల దగ్గర ఒక పాత వంతెన మా బరువు మోయదు. అందుకని చుట్టూ తిరిగి ఒక నేతపల్లె మీదుగా వెళ్ళాలి. ఊళ్ళోకి మలుపు తిరగ్గానే ఆగిపోయాం. వీధి ఈ చివర నుంచి ఆ చివరి దాకా తెల్లటి నూలు దారాలు బిగించి ఉన్నాయి. చీరకు పొడుగునా వెళ్ళే దారాలను పడుగు అంటారు. దానికి గంజి పట్టించి వీధిలో ఆరబెట్టారు. నలుగురు మనుషులు రెండు పక్కలా నడుస్తూ కుంచెతో దువ్వుతున్నారు. ఎవరూ మా వైపు తలెత్తలేదు.

"ఎంతసేపు?" అని విజిల్ ఊది అడిగాడు మౌలా భాయ్.

"ఆరేదాకా" అన్నాడు పెద్ద నేతగాడు. "తడిమీద ఇప్పితే దారాలన్నీ అతుక్కపోతాయి. రెండు వారాల పని పాడైతాది."

మౌలా భాయ్ ఎడమ చేత్తో ఫోను నోరు మూసి, కుడి చేత్తో నన్ను నీడలో కూర్చోమని సైగ చేశాడు. నూట ముప్ఫై ఆరు చక్రాల బండి నూలు దారాల ముందు రెండు గంటలు నిలబడింది. మా కోనసీమలో కొబ్బరి తాడు పేనేటప్పుడు కూడా వీధిలో ఇలాగే సాగదీస్తారు గానీ, సైకిలొస్తే పైకెత్తి దారిస్తారు. ఇక్కడ ఊరే పక్క సందులోంచి తిరిగి వెళ్తోంది.

పెద్ద నేతగాడు కుంచె ఇంకొకరికిచ్చి నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఇది దేనికని అడిగాడు. చమురు విడదీస్తుందని చెప్పాను. పక్కనే ఇంకో ఫ్యాక్టరీ కడుతున్నారు, అందులో ప్లాస్టిక్కు, పాలిస్టరు చేస్తారన్నాను.

"పాలిస్టరు దారమేనా?"

"దాని ముడిసరుకు."

ఆయన చాలాసేపు గొట్టాన్ని చూశాడు. "మూడు వందలకు వస్తాది పాలిస్టరు చీర. మాది పదహైదు వందలు. మా కోడలే అది కట్టుకోని మగ్గం మింద కూచుంటాది" అన్నాడు. కోపంగా కాదు, వాన వచ్చేలా ఉంది అన్నట్టు చెప్పాడు. తర్వాత లేచి వెళ్ళి పడుగు మీద అరచెయ్యి ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిచాడు. తడి లేదని చేతికి తెలిశాకే విప్పమన్నాడు. అంతకుముందే నేను, పైన ఎండిపోయి కనిపిస్తోంది, చాలదా అని అడిగాను.

"కంటికి కనపడేది లెక్కలేదు సార్" అన్నాడు.

ఆ మాట నా కోసమే అన్నట్టు తగిలింది. ఆయనకేం తెలుసు పాపం.

నల్లరేగడి

ఆరో రోజు పొద్దున పేజీ తెరిచాను. ఓబులేసు తువ్వాలు పట్టుకుని ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. పదమూడు దాకా చదివాను. పద్నాలుగోది వచ్చింది.

"పెద్ద లైను. ఇరవై నాలుగు. ఏమీ అక్కర్లేదు."

"ఏమీ అక్కర్లే" అన్నాడు ఓబులేసు. ముడి వేయలేదు.

ఆ అంకె నా నోటితోనే చదివాను.  ఇరవై నాలుగే ఉంటుంది, అదే లైను, అవే స్తంభాలు అని ఆరు రోజులుగా నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను, చెప్పుకోగా చెప్పుకోగా నాకూ నమ్మకం కుదిరినట్టుంది. ఓబులేసు నిచ్చెన ఎక్కి గొట్టం మీద తన చోట కూర్చుని, కర్ర ఒళ్ళో పెట్టుకున్నాడు.

నేను ముందు జీపులో ఉన్నాను. పదకొండు, పన్నెండు దాటాం. రెండు పక్కలా నల్లరేగడి చేలు. మా వైపు నేల ఏడాదంతా తడిగా, మెత్తగా ఉంటుంది. ఇక్కడ మే నెలలో ఆ నేల మోకాలు దిగబడేంత నెరెలు విచ్చి ఉంది. జనవరిలో పచ్చటి శనగ చేను అడ్డంగా ఉండి నాకా నెరెలు కనిపించలేదు. పదమూడో తీగ దాటాం. జీపులోంచి తల బయట పెట్టి ముందుకు చూశాను. పద్నాలుగో తీగ కుడివైపు స్తంభం మొదట్లో నేల పగిలి, స్తంభం రోడ్డు వైపుకు వంగి ఉంది. వెనక్కి చూస్తే గొట్టం మీద ఓబులేసు, మాడే ఎండలో తువ్వాలు తలకు చుట్టుకుని, దర్జాగా కూర్చుని వస్తున్నాడు.

"ఆపండి" అన్నాను వాకీటాకీలో. బండి వస్తూనే ఉంది. మళ్ళీ అన్నాను. "భాయ్, బండి ఆపండి. ఓబులేసును కిందికి దించండి."

మౌలా భాయ్ విజిల్ ఊదాడు. బండి ఆగడానికి ఇంకా పది బారలు ముందుకొచ్చింది. ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏమైందీ సాబ్?"

నిజం చెప్పే అవకాశం అంత దగ్గరగా వచ్చాక కూడా నేనన్న మాట ఇది: "ఎండకు తీగలు సాగుతాయి. ఒకసారి మళ్ళీ కొలిచి చూద్దాం."

గడ తీసి ఎత్తాను. అది కరెంటు పారని గడ. గడ కొన తీగకు ఆనింది. కిందికి దించి అంకె చూశాను. పంతొమ్మిదిన్నర.

పైన కూర్చున్న మనిషి తల ఇరవై.

 ఓబులేసు వచ్చి గడ మీది అంకె అడిగాడు. చెప్పాను. తీగ వైపు, తర్వాత గొట్టం మీద తను కూర్చున్న చోటు వైపు చూసి, రోడ్డు పక్కన చతికిలబడ్డాడు. నేను కంకర మీద వాంతి చేసుకున్నాను. ఎండ దెబ్బ అనుకుని నిమ్మకాయ నీళ్ళిచ్చారు.

కరెంటు ఆఫీసుకు ఫోను చేస్తే లైన్‌మన్ మోటారు సైకిలు మీద వచ్చాడు. "ఈ రేగడిలో కంబం నిలబెడితే ఏటా ఒకపక్కకు పోతాది సార్. ఈడ ఒకదాన్ని చూసి ఇంగొకటి అనుకునేదానికి లేదు" అని వెళ్ళి కరెంటు ఆపించి వచ్చాడు. గొట్టం దాటేసరికి పన్నెండైంది.

ఆ సాయంత్రం మౌలా భాయ్ అందరికీ నా గురించే చెప్పాడు. ఎండకు తీగ సాగుతాదని ఏ సర్వేయరుకు తోస్తాది, ఇన్నేండ్ల తజుర్బా, అనుభవం అంటే ఇదప్పా అన్నాడు. కంపెనీకి కూడా ఫోన్ చేసి చెప్పాడు. మా బావమరిది కొడుకు నుంచి మెచ్చుకుంటూ మెసేజ్ వచ్చింది. ఓబులేసు తనకిచ్చిన పది మామిడికాయల్లో పండిన మూడు తెచ్చి నా మంచం మీద పెట్టాడు. నేను వద్దనలేదు. అవి తిన్నాను కూడా.

మైదుకూరుకు ఇవతల

చాగలమర్రి, దువ్వూరు దాటాం. ఆ రెండు రోజులూ తల నొప్పిగా ఉందని చెప్పి ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. రాత్రిళ్ళు రేపటి పేజీలు ముందేసుకుని, ఎక్కడైనా ఇంకో రెండు గీతలున్నాయేమో అని వేలు పెట్టి వెతికాను. లేవు. అయినా పొద్దున మళ్ళీ వెతికేవాణ్ణి.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మైదుకూరుకు కాస్త ఇవతల రెండు టైర్లు పగిలి బండి ఆగింది. ఓబులేసు ఇల్లు అక్కడికి కూతవేటు. భోజనానికి రమ్మని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. అతని భార్య లక్ష్మీదేవి పసుపు మండీలో కూలికి వెళ్తుంది. చేతులు మోచేతుల దాకా పసుపు. నాకు కాళ్ళకు నీళ్ళిచ్చి, చాప వేసింది. బువ్వ, పుంటికూర పప్పు, చెనిక్కాయల ఊరిబిండి. పుంటికూర అంటే మన గోంగూరే. చెనిక్కాయలంటే వేరుశనగలు, ఊరిబిండి అంటే రోట్లో నూరిన పచ్చడి. మా వైపు పచ్చడి వేలితో నాకుతాం, వీళ్ళు ముద్దంతా పచ్చడే కలుపుతారు.

నేను రెండు ముద్దలు తిన్నాక ఆమె చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది.

"ఆ పొద్దు జరిగింది ఫోన్లో చెప్పినాడు సార్. నాకు ఆ రేత్రి కూడు పోలే. ఈయప్ప ఏడేండ్లుగా ఆ గొట్టాల మింద కూచుంటాండాడు. ఎవురూ ఇట్ల బండి నిలిపి చూసినోళ్ళు లేరు. మా ఇంటి దేవుని మాదిరి వచ్చినారు."

వంగి నా కాళ్ళు తాకబోయింది. నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను, ఆ ఊపుకు నీళ్ళ గ్లాసు దొర్లిపోయింది.

"నేను కొలవలేదమ్మా" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు.

"జనవరిలో వచ్చినప్పుడు ఆ తీగ కొలవలేదు. తిండి ఎక్కువై నిద్రొచ్చి జీపు దిగలేదు. పైదాని అంకే దీనికీ వేశాను. ఎండా కాదు, సాగడమూ కాదు. నా తప్పది."

ఓబులేసు చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. "మీకు ఎప్పుడు తెలిసె సార్?"

"ఆలూరులో. మొదటి రోజే."

"బనగానపల్లెలో నేను తలపాగా కాలింది చెప్తాండానే, అప్పుడు తెలుసునా?"

"తెలుసు."

"ఆ పొద్దు చదివేటప్పుడు?"

"తెలుసు ఓబులేసూ."

అతను లేచి బయటికెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు. అన్నం సగం అలాగే ఉంది. గడప మీద అటు తిరిగి కూర్చున్నాడు. తిడితే బాగుండునని నేను ఎదురుచూశాను. వీధిలో పసుపు కొమ్ముల బస్తాలతో ఒక ట్రాక్టరు వెళ్ళింది. నేను పళ్ళెం ముందు నుంచి లేవబోయాను.

"కూచోండి" అంది లక్ష్మీదేవి. ఇంకో హస్తం అన్నం వడ్డించింది. లోపలికెళ్ళి మజ్జిగ చెంబు తెచ్చింది. పోయకుండా చేత్తో పట్టుకుని నిలబడింది.

"రేపు బద్వేలు దాకా ఎన్ని తీగలుండాయి సార్?"

"పదకొండు."

"చెప్పండి."

సంచిలోంచి పుస్తకం తీయబోతే వద్దంది. "చూడకుండా చెప్పండి. దిగినోళ్ళకు గుర్తుంటాది."

కళ్ళు మూసుకున్నాను. "మొదటిది మైదుకూరు దాటగానే, పెట్రోలు బంకు ఎదురుగా. కేబుల్ తీగ."

"దిగినారా?"

"దిగాను. అక్కడ ఒక కుక్క వెంటపడింది."

"రెండోది?"

"పెద్ద లైను. కాలవ గట్టు మీద."

"దిగినారా?"

"దిగాను. చెప్పు తెగింది."

"మూడోది?"

ఒక్కొక్కటే అడిగింది. ఒక్కొక్క దానికీ ఆ రోజు ఆ చోట ఏం జరిగిందో, ఎవరు పలకరించారో, కాలికి ఏం తగిలిందో వెతుక్కుని చెప్పాను. నేను చెప్పేది నిజమే.  ఎనిమిదో దాని దగ్గర ఆగిపోయాను. చింతచెట్టు, ఆ పక్కన మేకల మంద అంతవరకే గుర్తొచ్చింది. ఆమె కదలకుండా నిలబడింది. మేకలు కాసే ముసలాయన నా గడ చూసి, చింతకాయలు రాల్చిపెట్టమని అడిగిన సంగతి కాసేపటికి గుర్తొచ్చింది, చెప్పాను. గడప మీద ఓబులేసు అటే చూస్తూ అన్నీ వింటున్నాడు. రోజూ చెప్పినట్టు ఒక్కటి కూడా తిరిగి చెప్పలేదు.

పదకొండోది కూడా చెప్పాక గానీ ఆమె నా పళ్ళెంలోకి మజ్జిగ చెంబు వంచలేదు.